సోమవారం శాంపిళ్ళు

సముద్రం మా ల్యాబుకు
దూదిపుల్ల మొనమీద వస్తుంది.
మూత తీస్తే అల చప్పుడు ఉండదు,
చీము వాసన ఒక్కటే.

నాది పలమనేరు పక్క పల్లె.
ఎనిమిది వందల అడుగులు బోరు దిగినా
దుమ్ము తప్ప తడి తగలని నేల.
ముప్ఫై దాటేదాకా సముద్రం చూసిందే లేదు నేను.
ఇప్పుడు తిరుపతిలో, ఆస్పత్రి మొదటంతస్తులో,
ఏసీ చలికి శాలువా కప్పుకొని
దాన్ని చుక్కచుక్కగా పెంచతా ఉంటా.

ఆ సోమవారం ముగ్గురు పిల్లోళ్ళు, కొర్లగుంట వాళ్ళు,
ఒకే కాలేజీ, ఒకే టెంపో.
మునిశేఖరుకు కుడిచెవి. దిండు తగిలితే కేక.
ఖాజాపీరుకు కడుపు. రాత్రినుంచి పదకొండు సార్లు.
మూడోవాడు హేమాద్రి, కళ్ళు చింతనిప్పులు,
"నాకేం లేదు మేడమ్, తోడొచ్చినా" అంటాడు దగ్గుకుంటా.

యాడికి పోయినార్రా అంటే
వాకాడు దాటి, ఏరు సముద్రంలో కలిసే చోటికంట.
శనివారం పొద్దస్తమానం వాన.
ఆదివారం తెల్లారి కడిగినట్టు ఎండ.
నీళ్ళు నీలంగానే ఉన్నాయి చూడండని ఫోను చూపించినారు.
నిజమే, నీలంగానే ఉన్నాయి.

వల కుట్టుకుంటున్న ఒకామె చెప్పిందంట:
"వాన నిలిచి మూడు దినాలు కానీండి నాయినా,
ఊర్లన్నీ కడుక్కున్న నీళ్ళు ఇప్పుడే దిగతాండాయి.
మా పిల్లోళ్ళనే మేము దించం."
వీళ్ళు నవ్వినారంట.
ఇంత సముద్రానికి మురికి ఏ మూలకి, అన్నాడంట ఖాజా,
నోట్లోకి అల వచ్చి పడకముందు.

చెవికి చుక్కలు, కడుపుకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు.
వారం తిరగకముందే ముగ్గురూ బైకుల మీద ఉంటారు.
నేను చెప్పాలనుకున్నది వాళ్ళ సంగతి కాదు.

టెంపో డ్రైవరు చెంగల్రాయులు.
యాభై నాలుగేళ్ళు, పన్నెండేళ్ళ షుగరు.
ఈత కొట్టలేదు. లోపలికి పోనేలేదు.
కొత్త చెప్పు కరిచి బొబ్బ పగిలిన ఎడమకాలు
చీలమండ దాకా అలలో పెట్టి
బీడీ అయిపోయేదాకా నిలబడినాడు.
ఉప్పునీళ్ళు పుండుకు మంచిదని
వాళ్ళమ్మ చెప్పేదంట.

సోమవారం సాయంత్రానికి పాదం నేరేడుపండు.
మంగళవారం ఆ రంగు పిక్క ఎక్కింది.
నా పళ్ళెంలో రాత్రికి రాత్రే
ముదురాకుపచ్చ చుక్కలు లేచినాయి,
నారుమడి మాదిరి ఒత్తుగా, ఒకదాన్నొకటి తోసుకుంటా.
అంత ఏపుగా మొలిచిన దేన్నీ
మా ఊరి చేన్లో నేనెప్పుడూ చూడలేదు.

పేరు రాసి, కింద ఎర్రగీత గీసి,
ఫోను ఎత్తకపోతే మెట్లు దిగి నేనే పరిగెత్తినా.
డాక్టరు అప్పటికే
ఎక్కడిదాకా తీయాలో కొలుస్తా ఉండాడు.

పని అయిపోయినాక పళ్ళేలన్నీ ఆటోక్లేవులో పెట్టి
నూట ఇరవైయొక్క డిగ్రీల దగ్గర
పదిహేను నిమిషాలు ఉడికించినా సముద్రాన్ని.
పప్పు కుక్కరు మాదిరే బుసకొట్టింది.
చేతులు కడుక్కుంటూ చూస్తే
సింకులో నురగ గిర్రున తిరిగి లోపలికి పోతా ఉంది.
ఇది ఏ కాలవలో పడుతుందో,
ఆ కాలవ స్వర్ణముఖిలో యాడ కలుస్తుందో నాకు తెలీదు.
స్వర్ణముఖి యాడికి పోతుందో మాత్రం
ఐదో తరగతిలో మ్యాపు గీసి మార్కులు తెచ్చుకున్నా.
కొళాయి కట్టేసినా.

శుక్రవారం వార్డుకు పోతే
దుప్పటి ఎడమపక్క మోకాలి కింద చదునుగా ఉంది.
తెల్లకోటు చూసి ఆయనే పిలిచినాడు.
"మేడమ్, ఉప్పు పుండుకు మంచిదే గదా?"

ఆ పురుగు ఉప్పులో పుట్టి పెరిగిందే,
మనం పంపే కూటికి బలిసిందేమో అని చెప్పొచ్చు.
షుగరు గురించి చెప్పొచ్చు.
వలామె మాట చెప్పొచ్చు.
నీళ్ళు తాగతావా అన్నా. తలూపినాడు.

గ్లాసు కోసం వంగితే మంచం కింద
కొత్త చెప్పులు జతగానే ఉన్నాయి.
ఎడమదాని పట్టీకి ఇసుక, ఇంకా తడిగా.