పదహారు అంకణాలు

గజాల్లో చెప్పమంటే అరవై నాలుగు.
నెల్లూరోళ్లం, అంకణాల్లో చెబితేనే
ఇల్లెంతో మాకు కళ్లకి కడుతుంది.
సంతపేటలో, ఆటో వెనక్కి తిరగని సందులో
పాత మిద్దె. ఇరవై ఆరు లక్షలు.
బస్టాండుకి నడిచి పది నిమిషాలు.
తెల్లారి నాలుగున్నరకి టిమ్ము మెళ్లో వేసుకునేదాన్ని,
నేను మొదట కొలిచింది ఆ దూరమే.

చెంగయ్య మేస్త్రీ చెప్పులు బయట విడిచి
వేలు మడిచి గోడ మీద కొట్టాడు,
చెవి దగ్గరపెట్టి విన్నాడు.
"ఈడ గట్టిదేమ్మా. ఈడా గట్టిదే.
ఇదిగో, ఈడ గుల్ల."
గుల్ల అన్నచోటే కొత్త సున్నం.
మిగతా గోడలన్నీ మాసి, ఉన్నమాట చెబుతుంటే
అదొక్కటే పండక్కి తయారైనట్టుంది.
గోరుతో గీరాడు. మోకాలెత్తున
టీ మరకలాంటి గీత.
"పెన్న వచ్చిపోయిందిలే," అన్నాడు ఇల్లుగలాయన మీరావలి,
చుట్టం సంగతి చెప్పినట్టు.
అబద్ధం ఆడలేదు. అడిగేదాకా చెప్పలేదు, అంతే.
చిల్లర విషయంలో నేనూ అంతే.

టేకు దూలాలు పదకొండు. ఒకదాని మీద చెద నడిచిన దారి,
పాతది, ఎండిపోయింది.
పడమటి గోడ ఉమ్మడి:
అవతల మిక్సీ తిరిగితే ఇవతల గూట్లో గ్లాసు వణుకుతుంది.
వంటింట్లో ఇద్దరు నిలబడితే ఒకరు తలుపైపోవాలి.
లింకు డాక్యుమెంట్లు మూడు, మూడోది చిరుగు.
ఇంటిపన్ను ఇంకా వాళ్ల తాత పేరు మీదే.
ఇంటి వయసు విని బ్యాంకాయన
ఒకప్పుడు నా వయసు విన్న పెళ్లిళ్ల పేరయ్యలా
పెదవి విరిచాడు.

"వానలో ఒకసారి చూసుకో," అన్నాడు చెంగయ్య పోతాపోతా.
"ఎండలో ఏ ఇల్లయినా బాగానే ఉంటాది."

కార్తీకంలో ముసురు పట్టిన రోజు
ఆత్మకూరు ట్రిప్పు దిగి, చెప్పకుండా వెళ్లాను.
ఎదురుగా ఇస్త్రీ బంకు రేకు కింద నిలబడ్డాను,
దొంగలా కాదు, కొనేదానిలా.
చూసేవాళ్లకి తేడా తెలిసినట్టు లేదు.
ఇస్త్రీ పెట్టె ఆపకుండానే చెప్పింది దొరసానమ్మ:
కుళాయి అయిదింటికి, నలభై నిమిషాలు.
కాలవ పొంగితే మా వైపే, వాళ్ల గడప దాకా రాదు.
ఆడమనిషి అర్ధరాత్రి వచ్చినా
ఈ సందులో ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు.
మూడోది నేను అడగలేదు.

వాన పెద్దదైంది.
మిద్దె మీద ఏదో కదిలింది.
డెబ్భై దాటిన మీరావలి, లుంగీ ఎగగట్టి,
నెత్తిన యూరియా సంచి మడతేసి,
కొబ్బరి చీపురుతో నీళ్లని తూము వైపు తోస్తున్నాడు.
ఈ మూల తోసి, ఆ మూల. మళ్లీ ఈ మూల.
దిగాడు. వెదురు నిచ్చెన,
ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటా.
జల్లు ఊపందుకోగానే మళ్లీ ఎక్కాడు.
"నలభై ఏళ్లుగా ఇదే," అంది దొరసానమ్మ,
"అందుకే కారదు."

అందుకే కారదు.
వేలు మడిచి కొడితే పలికే సంగతి కాదు ఇది.
రిజిస్ట్రారు ఆఫీసులో ఇల్లు రాసిస్తాడు గానీ
మోకాళ్లు రాసివ్వడు గదా.
నా మోకాళ్లు ఇరవై రెండేళ్లుగా
ఆత్మకూరు రోడ్డు గుంటలు లెక్కపెట్టినవి.
చెల్లెలికి నిచ్చెనంటే భయం.
దాని కుట్టుమిషను ఎలాగూ ఎక్కదు.

రేకు కింద నుంచే ఫోన్ చేశాను.
"చెంగయ్యా, మిద్దెకి మెట్లు కట్టాలంటే ఎంతవుద్ది?"
అవతల వాన చప్పుడు, బీడీ పీల్చిన చప్పుడు.
"సిమెంటువా, ఇనపవా?"
"చేత్తో పట్టుకుని ఎక్కేవి."
"లక్షా పది అనుకో."

ఇరవై ఆరులోంచి లక్షా పది తీసి
అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను.
తడిస్తే అంకె చెదురుతుందని
పిడికిలి మూసి
సందు దాటాను.