మూడో కాపీ

గ్రీమ్స్‌పేట ఆడపిల్లోళ్ల హైస్కూల్లో
సైన్సు ల్యాబు వెనకాల రేకుల గది.
తొమ్మిది టైపు మిషన్లు, ఇరవై ఆరు మందిమి.
ఒకే ఒక్కటి తెలుగుది,
దాంట్లో 'ణ' పడదు.
ప్రాణం, గుణం, రుణం –
అన్నిటికీ ఖాళీ వదిలి
తర్వాత పెన్నుతో దిద్దుకోవాల్సిందే.

ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్
సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె
వాన పడితే రేకుల మోతా మా మోతా ఒకటే.
ఎడం చిటికెనేలికి బలం చాలక
'ఏ' ఎప్పుడూ పాలిపోయి పడేది.
"దానికీ కూలి ఇస్తా ఉండారు కదమ్మే,
పని చేయించండి" అనేవారు పరంధామం సారు.
చేతుల మీద గుడ్డ కప్పి
చూడకుండా కొట్టమనేవారు.
కరెంటు పోయిన రాత్రుల్లో
దోసెలు తిరగేసినోళ్లం,
మాకది కొత్తా?

శుక్రవారం వ్యాపార లేఖలు.
"లేఖలో ఏడుపు ఉండకూడదు.
తేదీ. లెక్క. మనం అడిగేది.
చివర్న – ఇట్లు, తమ విశ్వసనీయ.
అంతే."
బాకీ వసూలుకి ఒక లేఖ రాసుకు రండన్నారు.
మేమంతా పుస్తకంలో కంపెనీలకే రాసినాం,
లేని ఊళ్లకి, లేని సరుక్కి.

అముద మాత్రం నోటుబుక్కు తెచ్చింది.
నిండా నిలువు గీతలు,
అయిదుకొక అడ్డగీత.
సారు కళ్లద్దాలు పైకి నెట్టుకుని
"ఏ పద్ధతి షార్ట్‌హ్యాండమ్మా ఇది?" అన్నారు.
"మాయమ్మది సార్.
గోడ మీద బొగ్గుతో గీసి పెట్టింది.
మూటకొక గీత. నేను ఎత్తి రాసుకొచ్చినా."

బెల్లం మండీలో
ముప్పై ఆరు రోజులు,
పద్దెనిమిది వందల తొంభై మూటలు,
మూటకి అరవై పైసలు.
సారు తనే కూర్చుని కూడినారు,
ఇంకోసారి కూడినారు.
వెయ్యిన్నీ నూట ముప్పై నాలుగు.
ఏమీ అనకుండా లేచి
తెలుగు మిషన్ మీద కవరు తీసినారు.

రెండు కార్బన్లు, మూడు కాగితాలు.
అముద కొడతా ఉంటే
లైను చివర గంట మోగినప్పుడల్లా
మేం ఊపిరి పీల్చుకున్నాం.
వాళ్లమ్మ పేరు మణెమ్మ.
నడిమి అక్షరానికి ఖాళీ వదిలి
మూడు కాగితాల్లోనూ
విడివిడిగా నీలం సిరాతో రాసింది.
సారు ఒక్క కామా మార్చినారు.

పదో రోజు మండీ గుమాస్తా
స్కూలు గేటు కాడికి వచ్చినాడు,
కాగితం నాలుగు మడతలు పెట్టి.
"ఈ వకీలెవరండీ?"
హెడ్‌మిస్ట్రెస్ సారు వైపు చూసింది.
సారు మా వైపు చూసినారు.
మేం గుడ్డ కింద చేతులు పెట్టుకుని
ఏ ఎస్ డి ఎఫ్ కొట్టుకున్నాం.

ఎనిమిది వందలొచ్చినాయి.
మిగతాదానికి
"మా మొదటి లేఖకు కొనసాగింపుగా" అని
ఇంకొకటి రాయాలనుకున్నాం.
దసరా సెలవుల తర్వాత అముద రాలేదు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
లేబుళ్లు అంటిస్తా ఉందని ఒకరు,
వేలూరుకి పోయినారని ఒకరు.

నేను లోయరు పాసై, హయ్యరు పాసై
ఇప్పుడు ట్రెజరీలో కంప్యూటరు ముందర.
లైను అయిపోతే ఇప్పటికీ
ఎడం చెయ్యి లేస్తుంది,
లేని మీటని తోయడానికి.
కొత్త పిల్లోళ్లు నవ్వుతారు.

మొదటి కాగితం మండీకి పోయింది.
రెండోది అముద తీసుకుంది.
మూడోది సారు రిటైరయ్యేరోజు
నా చేతికిచ్చినారు, ఎందుకో చెప్పలేదు.
కార్బను అక్షరాలు కరిగిపోయి
మండీ పేరు కూడా ఆనవాలు దొరకదు.
ఒక్క 'ణె' మాత్రం
నిన్న రాసినట్టు నీలంగా ఉంది.

మూడు వందల ముప్పై నాలుగు
ఇంకా రావాలి.