ఎనిమిది మంది ఉప్పు

నా చేతికి ఎనిమిది మంది లెక్కనే తెలుసు.
చింతపండు నానేస్తే ఎనిమిది మందికి,
కండ్లు మూసుకొని బియ్యం ఏరుకున్నా
గంతనే వస్తయి.

సజ్జా క్యాంపుల పదకొండేండ్లు.
పేరుకే సజ్జ, గింజ మొలవది.
ఇసుక, కంకర, లారీల దుమ్ము.
ముప్పై ఆరో నంబరు రూము, మంచం మీద మంచం.
పోశెట్టికి కారం తక్కువైతే అలుగుడు,
యాకూబ్ భాయికి ఎల్లిపాయలు దండిగుండాలె,
సాయన్నకు షుగరు, అయినా
రెండోసారి పెట్టించుకునేటోడు.
శుక్రవారం వంట వంతు నాది.
పోను పోను అన్ని వారాలూ నావే అయినయి.
పప్పుచారు కుదిరినోని గతి అంతే.

ఇప్పుడు షార్జాల, రోలా గల్లీల, సింగిల్ రూము.
జమున, బిడ్డ, కొడుకు వచ్చి
ఏడాది కావస్తుంది.
శుక్రవారం జమునకు క్లినిక్‌ల డ్యూటీ.
పొయ్యి నాది, పిల్లలు నా మీదికే.
బగారన్నం గంజు నిండా,
పప్పుచారు ఇంకో గంజు నిండా.
శనివారం అదే. ఆదివారం అదే.
సోమవారం నాడు ఓంకార్ పళ్లెం దూరం జరిపి
"నాయినా, ఈ చారు ఇంకా బతికే ఉన్నదా?" అన్నడు.

చైత్రిక నాలుగో తరగతి.
బళ్లె భిన్నాలు చెప్తుండ్రట.
చెవి మీద పెన్సిలు పెట్టుకొని
మా సైటు ఫోర్‌మన్ లెక్క నా ఎనక నిలబడ్డది.
"ఎనిమిదిల నాలుగంటే ఎంత?"
"సగం."
"మరి సగమే పొయ్యాలె గదా నాయినా!"
బియ్యం సగం చేసిన. పప్పు సగం చేసిన.
ఉప్పు డబ్బాల చెయ్యి పెట్టి ఆగిపోయిన.
గుప్పిటను సగం జేసుడు ఎట్ల?
వేళ్లు సడలిస్తే అంతా రాలుతది,
బిగిస్తే మల్లా పోశెట్టి, సాయన్న, అందరూ లోపలికొస్తరు.
"జరుగు" అని బిడ్డ తన చెయ్యి పెట్టింది.
చెయ్యి తీసి చూపిచ్చింది.
గింత గుప్పిట.
సరిగ్గా నలుగురి ఉప్పు.

ఆ రాత్రి జమున పళ్లెం మీద మూతేసి
మేం ముగ్గురం తిన్నం.
చారు మిగల్లే, మెతుకు మిగల్లే.
పది గంటలకు జమున వచ్చి ఫ్రిజ్ తెరిచి
డబ్బాలు కనపడక బుగులుపడ్డది.
"ఇయ్యాల వండలేదా ఏంది?"

వండినం. లెక్క తప్పలే.
కానీ ఓంకార్ గరిటె పట్టుకొని
ఆ చిన్న గిన్నె అడుగు గీకుతనే ఉన్నడు.
"మాడు ఏది?"
చారును తిట్టుకుంట తిట్టుకుంట
వాడు ఇన్ని వారాలు కూసున్నది
బగారన్నం మాడు కోసమట.
నాకేం తెలుసు.
ముప్పై ఆరుల మాడు కోసం చీటీలు ఏసేటోళ్లం,
గెలిచినోడు తలుపు పక్కకు పోయి
కర్ర కర్ర నమిలేటోడు, అందరం ఇనేటోళ్లం.

చైత్రిక ఇంకో డబ్బా పట్టుకొని నిలబడ్డది.
ఖాళీ డబ్బా. కింద నాతూరు షఫీకుల్‌ది.
ప్రతి శుక్రవారం దాంట్ల అన్నం పోతది,
శనివారం కడిగి వస్తది, లోపల ఒక నిమ్మకాయ.
"నాయినా, మనం నలుగురం కాదు. ఐదుగురం."
పొయ్యి పక్క టైలు మీద రాసింది,
పైన ఐదు, నడుమ గీత, కింద ఎనిమిది.

గప్పుడే యాకూబ్ భాయి ఫోను.
"వచ్చే జుమ్మాకు సెలవు దొరికింది, రావాల్నా?"
టైలు మీద ఐదును తుడిచి ఆరు రాసింది బిడ్డ.
యాకూబ్ భాయి ఒక్కడే ఇద్దరి తిండి తింటడని
చెప్దామని నోరు తెరిచి ఊకున్న.

జమున సల్లారిన అన్నం కలుపుతుంది.
అటక మీద పెద్ద గంజు బోర్లేసి ఉన్నది.
ఓంకార్ దాని దిక్కే చూసుకుంట
ఒక్కటే అడిగిండు:
"ఎంత మందైతే మాడు వస్తది?"