నడికట్టు

ఉలియాస్తాయ్‌లో వసంతమంటే పూలు కాదు,
ఎముకలు.
గుర్రాల డొక్కల్లో ఒక్కో బద్దా లెక్కపెట్టొచ్చు.
గొర్రెల కొవ్వు తోకలు
ఖాళీ సంచుల్లా వేలాడతాయి.

చోయ్‌దోగ్‌కీ దవడలు బయటికొచ్చాయి,
పొట్ట మాత్రం లోపలికి పోలేదు.

"కలిగినవాడి పొట్ట" అన్నారు పక్క గుడారంవాళ్ళు.
ఆ మంచుకి నూటపది గొర్రెల్ని పోగొట్టుకున్నవాడికి
కలిమెక్కడిది?
పట్టించుకున్నది భార్య యాంజ్‌మా ఒక్కతే.
"మూడు చుట్లు తిరిగే నడికట్టు, డాక్టర్,
రెండు చుట్లకే ముడి అందట్లేదు."
నా పదమూడేళ్ళ చదువుకంటే ముందే
ఆ పట్టుగుడ్డ రోగాన్ని కొలిచేసింది.

చేత్తో నొక్కాను. మెత్తన.
తోస్తే జరిగింది, వదిలితే తిరిగొచ్చింది,
నిద్రలో ఉన్న దూడలా.

స్కాన్‌లో ఒకటే నలుపు.
పేగుల్ని ఓ మూలకి నెట్టి
నట్టింట్లో తిష్ఠ వేసింది.
లోపల గోడల్లేవు, ముళ్ళు లేవు.
కొవ్వే.
ఆ మాటని నేను అంత తేలిగ్గా నమ్మను.
దాని చెడ్డ తోబుట్టువుదీ ఒక్కోసారి
ఇదే ముఖం.

కోశాం.
చలికాలపు వెన్న రంగు,
ఉల్లిపొరంత తొడుగు.
కత్తెరకన్నా నా చూపుడువేలే ఎక్కువ పనిచేసింది.
ఒక్క రక్తనాళం దగ్గర మాత్రం
నలభై నిమిషాలు.
అది తెగితే మూరెడు పేగు చస్తుంది.
మత్తు చూసుకునే సెర్గెలెన్
కూనిరాగం ఆపేశాడు.

మూడు కిలోల ఆరువందలు.

ఊరంతా పస్తున్న నెలల్లో
ఒక్క గింజ విదల్చని గాదె.
ఒంట్లోని మిగతా కొవ్వంతా కరిగి కరిగి
మనిషిని నిలబెడుతుంటే
ఇది మాత్రం తనలో తాను పెరుగుతూ కూర్చుంది.
పాపం, దానికి దురుద్దేశమూ లేదు.

మెలకువొచ్చాక అతనడిగాడు:
"మండేదా?"
"ఏమిటి?"
"అది. పొయ్యిలో వేస్తే మండేదా అని."
నేను నవ్వాను, అతను నవ్వలేదు.
ఆ రాత్రుల్లో పిడకలు అయిపోయాయట,
గొర్రెపిల్లల్ని కోటు లోపల పెట్టుకుని పడుకున్నారట.
ఈ బరువుకి ఆనించే.

గడ్డని బకెట్‌లో ఉలాన్‌బాతర్‌కి పంపాం.
తొమ్మిది రోజులు.
యాంజ్‌మా ఆసుపత్రి వరండాలో
పాల టీ కాచి అందరికీ పోసింది,
నాకు రెండుసార్లు.
రిపోర్ట్ ఒకే వాక్యం: చెడు కణాలు లేవు.
నేను మూడుసార్లు చదివాను.

వెళ్ళే రోజు ఆమే కట్టింది నడికట్టు.
ఒకటి. రెండు.
మూడో చుట్టుకి గుడ్డ ఇంకా మిగిలింది.
ఎక్కడ దోపాలో తెలియక
కాసేపు చేత్తో పట్టుకునే నిలబడింది.