విడిచిన వల

బోకా సామి రేవులో చేపలు తూచే జురైమా
ముప్పై నాలుగేళ్లకే
గుండె పట్టుకుని కూలబడింది.
పొగ తాగదు. కొలెస్ట్రాల్ లెక్కల్లో తప్పులేదు.
"ఈ వయసులోనా?" అన్నాడు అంబులెన్స్ కుర్రాడు.
పాత చీటీలో లూపస్ అని ఉంది,
అతను అంతదాకా చదవలేదు.

రాత్రి రెండింటికి విల్లెమ్‌స్టాడ్ ల్యాబులో
ఆమె నెత్తుటి గొట్టాన్ని గిరగిరా తిప్పాను.
బరువైన తెల్లకణాలు అడుక్కి దిగాలి.
కొన్ని దిగలేదు.
మజ్జలో పూర్తిగా పండకుండానే
పరుగెత్తుకొచ్చిన తేలికపాటివి,
పైపొరలోనే ఆగిపోయాయి.

క్రిమి కనబడితే వీటి తీరు తెలుసు నాకు.
తన పొట్ట తానే చీల్చుకుని
లోపలి జన్యు దారాన్ని
వలగా విసిరేస్తుంది కణం.
పట్టి, చస్తుంది.

ఇక్కడ క్రిమి లేదు.
మైక్రోస్కోపు చీకట్లో
నీలంగా వెలుగుతూ ఉత్త దారాలు,
దువ్వెనకు చిక్కిన వెంట్రుకల్లా.

మా నాన్న ఎలోయ్ అనేవాడు,
తుపానుకు తెగిపోయిన వల
జాలరి లేకపోయినా పని మానదని.
అడుగున పగడాన్ని గీరుతూనే ఉంటుందట.
రక్తనాళపు లోపలి పొర
పగడమంత గట్టిది కాదు,
ఒక్క కణం మందం, అంతే.
వలకు అంటిన రసాలు దాన్ని కొరుకుతాయి.
తన దారమే తనకు పరాయిదై
ఒళ్లంతా గంటలు కొడుతుంది.
ఆ మోతకి ఇంకొన్ని వలలు లేస్తాయి,
చిల్లు పూడ్చాల్సిన కణాలు
దారిలోనే చతికిలబడతాయి.

కంచే చేను మేసిందనుకుంటే సులువు.
కానీ ఈ కంచెకు ఆకలి లేదు.
కాపలా కాస్తున్నాననే అనుకుంటోంది,
చివరి ముల్లుదాకా.

రిపోర్టులో ఇదంతా రాయడానికి గడి లేదు.
అంకెలు నింపి సంతకం పెట్టాను.

ఐదు వారాల తర్వాత
వెడల్పాటి టోపీ కింద, నీడ వెతుక్కుని కూర్చుని
"ఎర్రచేపేనా, దుషి?" అంది జురైమా.
నేనెవరో ఆమెకు తెలియదు.
పొలుసు గీస్తుంటే వేలికి ముల్లు దిగింది.
ఒక్క బొట్టు.
నోట్లో పెట్టుకుని చప్పరించేసింది.

నేనింకా ఆ వేలినే చూస్తున్నాను.
ఆమె నాకు రెండు గిల్డర్ల చిల్లర
తిరిగివ్వాలని చూస్తోంది.