చుట్ల లెక్క

షువైఖ్‌లో మధ్యాహ్నం రెండు.
షట్టర్ సగం దించినా
ఎండ నేలబారున పాకి లోపలికొస్తుంది.
మరిచిపోయి స్పానర్ పట్టుకుంటే వాతే.

ముసాయిద్ కారు పసుపుకొమ్ము రంగు,
నేలకి జానెడు ఎత్తు కూడా లేదు.
కొత్త చక్రాలు అందులో పట్టక
వెనక పికప్పులో వచ్చాయి, దుప్పట్లు కప్పుకుని.
మఖమల్ సంచిలో ఇరవై నట్లు,
లేత వంకాయ రంగువి.

"చక్రం బయటికి రావాలి, రెక్క అంచుదాకా."
రావాలంటే మధ్యలో స్పేసర్.
పదిహేను మిల్లీమీటర్ల బిళ్ళ,
నా బొటనవేలి మందం.
దూరం కొనుక్కోవచ్చు గానీ
అది ఎక్కణ్ణించో రావాలి గదా,
బోల్టు పొడవుని కొరుక్కు తింటుంది.

చేత్తో తిప్పి చూశాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
నాలుగున్నర దగ్గర పట్టేసింది.
ఎనిమిది చుట్లన్నా పడాలి,
లేకుంటే ఆ పాపం నీదేరా అనేవాడు
రాయచోటి దస్తగిరన్న.

పైగా నట్టు అడుగు గుండ్రం, చక్రం గుంత గరాటు.
గరాటులో గోళీ వేసినట్టు
గీతంత మేరే తగులుతుంది.
బిగుసుకున్నట్టే ఉంటుంది.
ఉంటుందంతే.

దస్తగిరన్న చెప్పిన ముచ్చట:
ఐదో రింగు రోడ్డు మీద ఒక చక్రం
ఒంటరిగా ఒక కారుని దాటిపోయిందట.
ఎవడిదబ్బా ఇది అని డ్రైవర్ నవ్వాడట,
తన ఎడమ భుజం తారుకి ఒరిగేదాకా.
ఎవరికీ ఏమీ కాలేదు.
ఆ నట్లు బిగించింది నేనే అని మాత్రం
పదకొండేళ్ళ తర్వాత చెప్పాడు,
మెస్సులో పప్పన్నం కలుపుకుంటూ,
తలెత్తకుండా.

"మాఫీ ముష్కిల్" అన్నాడు ముదీర్ కుర్చీలోంచే.
మా ఊళ్ళో మాఫీ అంటే అప్పు కొట్టేయడం.
ఇక్కడ మాఫీ అంటే లేదు, అంతే.
ఆ మాటని తొమ్మిదేళ్ళుగా
సలాంలా వాడుతున్నాను.
ఆ రోజు నోట్లో ఏం అడ్డం తిరిగిందో,
"ఫీ ముష్కిల్" అన్నాను.
ఒక్క 'మా' తీసేశాను.
ఎయిర్ కంప్రెసర్ ఆగినట్టు
గ్యారేజీ అంతా నిశ్శబ్దం.

ముదీర్ లేచాడు.
ముసాయిద్ అతన్ని చూడలేదు.
తెల్లటి దిష్‌దాషా మోకాళ్ళమీదికి లాక్కుని
నా పక్కనే గొంతుక్కూర్చున్నాడు.
నట్టు తీసుకుని తనే తిప్పాడు.
వాహద్, ఇత్నేన్, తలాతా, అర్బా...
అతని భాషలోనూ అక్కడే ఆగింది.

పొడవు బోల్టులు దొరకడానికి మూడు రోజులు.
మూడు రోజులూ ఆ కారు స్టాండ్ల మీద,
చెప్పులు పోయినవాడిలా.
నా ఒకరోజు జీతం కూడా పోయింది,
కారణం రాయలేదు.

పాత బోల్టుల్ని సుత్తితో దించాను.
హబ్ ముఖాన్న తుప్పుని తీగ బ్రష్‌తో గీకాను,
ఇసుక రేణువు మిగిలినా చక్రం ఊగుతుంది.
రింగు కూర్చోబెట్టి, గరాటు అంచు నట్లు పెట్టి,
వేళ్ళతో ఎనిమిది, తొమ్మిది.
పక్క నట్టు కాదు, ఎదుటి నట్టు.
ఎవరికీ ముందే పూర్తిగా బిగుసుకునే హక్కు లేదు.
టార్కు రెంచి నూటముప్పై దగ్గర
టక్ మంది.
వంకాయలు సంచిలోనే ఉండిపోయాయి.

"వంద కిలోమీటర్లు తిప్పి మళ్ళీ రా" అన్నాను.
అందరికీ అంటాను. ఎవరూ రారు.

శుక్రవారం రాత్రి ఒంటిగంటకి
షట్టర్ మీద వేలి చప్పుడు.
సాల్మీ రోడ్డు మీద ఊరికే పోయి వచ్చాడట.
నూటమూడు, మీటర్ చూపించాడు.
పంతొమ్మిది నట్లు కదలకుండానే టక్ మన్నాయి.
వెనక కుడివైపుది ఒకటి
నువ్వుగింజంత తిరిగి, అప్పుడు మంది.

ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం కాసేపు.
టీ తెచ్చాడు, ఏలకులు ఎక్కువేసినది.

అతను వెళ్ళాక
రెంచిని సున్నాకి విప్పి పెట్టెలో పెట్టాను.
బిగువులోనే వదిలేస్తే
దాని స్ప్రింగు అబద్ధం నేర్చుకుంటుంది.