పదిహేడో నియమం

జెజ్‌కజ్గాన్‌లో ఆ రాత్రి సున్నాకి ముప్పై రెండు డిగ్రీల కింద చలి.
వంటింటి బల్ల మీద సూర్యుడు ఒక రాగి నాణెం,
గనుల ఊళ్ళో రాగికేం కరువు.
చుట్టూ వృత్తలేఖినితో గీసిన కక్ష్యలు.
చెయ్యి జారి ఒకటి కోలగా వచ్చింది,
నిజానికి అదొక్కటే సరిగ్గా వచ్చింది.

గ్రహాలు నా పాత కోటు బొత్తాలు.
మన వంతులో మనం ఏం చేసినా, చెయ్యకపోయినా
వాటి గడి అవి జరుగుతాయి.
అంగారకుడికి గురిపెట్టి లాభం లేదు,
వాడు ఉండబోయే చోటికి పెట్టాలి.
ఈ ముక్క ఎనిమిదో తరగతికి చెప్పి చెప్పి
నా గొంతు అరిగింది,
బొత్తం జరిపాక ఒక్కసారికే అర్థమైంది వాళ్ళకి.

పాచికలు రెండూ తీసి డ్రాయర్లో పడేశాను.
పైన అదృష్టానికి చోటు తక్కువ.
వారం తిరక్కుండానే ఒకటి వెనక్కి తెచ్చుకున్నాను,
వాల్వులు గడ్డకట్టడానికి,
మనుషులకి కునుకు పట్టడానికి.

ఇంధనం ఎండు బఠాణీలు.
బఠాణీని మొయ్యడానికి ఇంకో బఠాణీ,
దాన్ని మొయ్యడానికి మరో అర.
ఆ అర బద్ద కోసం నేను రెండు రాత్రులు లెక్క కట్టాను.
ఎదురింటి తిలెక్ ఆలోచిస్తూ ఆలోచిస్తూ
తన ఇంధనం తనే నమిలేశాడు.
దిగొచ్చినవాళ్ళని గడ్డి మైదానంలోంచి
కుర్చీలతో సహా ఎత్తి మోసినవాడు.
అంతరిక్షం ఎలా ఉంటుందని అడిగితే
మాడిన ఇనుము వాసన, అంటాడు, అంతే.

ఆజ్ఞని చీటీ మీద రాసి బోర్లించాలి.
దగ్గరైతే ఒక వంతు, దూరమైతే మూడు వంతులు ఆగి తిప్పాలి.
వెలుతురుకి సైతం కాళ్ళు లాగే దూరాలు అవి.
ఈలోపు నీ నౌక ఏ రాయిని గుద్దుకున్నా
నువ్వు టీ తాగుతూ కూర్చోవాలి.
ఈ నియమం ఎవరికీ నచ్చలేదు.
దీన్ని మాత్రం నేను మార్చలేదు.

తిలెక్ మనవరాలు జాన్సాయకి తొమ్మిదేళ్ళు,
దాని నౌక ఒక సొట్టబోయిన అంగుస్తానా.
ముందు వెనకలు చూడకుండా
గురుడి పక్కనుంచి దూసుకుపోయి
నాలుగు గడుల వేగం కొట్టేసింది,
గురుడికి కూడా తెలియనంత చిన్న దొంగతనం.
శనిని దాటింది. చివరి కక్ష్య దాటింది.
బఠాణీలు సున్నా.
అట్ట అయిపోయింది.

"నీ ఆట ముగిసిందమ్మా" అని
అంగుస్తానా తియ్యబోయాను.
నా మణికట్టు పట్టుకుంది.
"దాన్ని ఆపిందెవరు, టీచర్?"

తిలెక్ నమలడం మానేశాడు.
ఇరవై ఆరేళ్ళుగా నల్లబల్ల మీద నేను రాస్తున్న వాక్యం,
బయటి బలమేదీ లేకపోతే, అంటూ మొదలయ్యేది,
నా వంటింట్లో నన్నే నిలదీసింది.

వంతుకి ఒక జానెడు.
చక్కెర గిన్నె దాటింది, రొట్టె దాటింది,
బల్ల దాటాక కుర్చీ వీపు మీదుగా,
మేమిద్దరం ఇక్కడ గ్రహాలకోసం కొట్టుకుంటుంటే
అది అక్కడ ముని వేళ్ళ మీద లేచి
మంచు పేరుకున్న కిటికీ గట్టు మీద దాన్ని నిలబెట్టింది.
పక్కన ఒక చీటీ బోర్లించింది,
మేం చూడకుండా చెయ్యి అడ్డం పెట్టి రాసి.

ఆ రాత్రే నోటుబుక్కులో చేర్చాను:
పదిహేడు. ఇంధనం అయిపోయినవాళ్ళు ఆగరు.
గది చాలకపోతే తలుపు తెరవాలి.
"ఈ చలిలోనా?" అన్నాడు తిలెక్,
టోపీ చెవుల మీదికి లాక్కుంటూ.

జానలు కొలిచి, వంతులు లెక్కేసి చూశాను.
ఆ చీటీ తిప్పాల్సింది మార్చి పదకొండున.
గట్టు తుడిచేటప్పుడు ఎత్తుతాను,
బోర్లానే మళ్ళీ పెడతాను.